లేఖాబంధము

అన్నము పెట్టువారును, చదువు చెప్పించువారును లోకమున ఎందరో కలరు. కాని ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకరినొకరు ఎఱుగనిచో ఆ సాయము సగమే యగును. ఆ కొఱతను తీర్చునది ఉత్తరము.

1937వ సంవత్సరమున స్పెయిన్ దేశము అంతర్యుద్ధముతో అట్టుడుకుచుండెను. జాన్ లాంగ్డన్ డేవిస్ అను బ్రిటిష్ పత్రికారచయితకు అచ్చట హోసే అను బాలుడు కనబడెననియు, వానియొద్ద తండ్రి వ్రాసిన చీటి యుండెననియు చెప్పుదురు. నగరము శత్రువుల వశమైనచో తనకు మరణము తప్పదనియు, తన కుమారుడు కంటబడినవారు వానిని కాపాడవలెననియు ఆ చీటి సారాంశము. ఆ యేడే డేవిస్ నిరాశ్రయులైన బాలుర కొఱకు ఒక సంస్థను నెలకొల్పెను. ఒక్కొక్క బాలునికి దూరదేశమున ఒక్కొక్క పోషకుడుండుటయు, వారిరువురి నడుమ ఉత్తరములు నడచుటయు అందలి పద్ధతి.

కాలము మాఱినది. ఒకప్పుడు పరుల సాయము పొందిన స్పెయిన్ దేశీయులే పిమ్మట మన అనంతపురసీమ బాలురకు పోషకులైరి. బార్సిలోనా నగరమున 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవుసీమకు వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా సేవ సాగించి, 2009లో అచ్చటనే కన్నుమూసెను. పోషకులు పంపిన ధనము ఒక్క బాలుని చేతికి పోక, బడులు, ఇండ్లు, వైద్యము మొదలగు రూపముల ఊరికంతకు ఉపయోగపడెను. బాలుని పేరిట వచ్చినది మాత్రము ఉత్తరమే. బాలుడు తెలుగున వ్రాసినదానిని అనువాదకులు పోషకుని భాషలోనికి మార్చి పంపెడివారు.

ఇట్టి ఉత్తరమున ఏమి వ్రాయవలెను? భీమడోలు బాలుడొకడు విదేశపు పోషకునికి జాబు వ్రాయుచున్నాడనుకొందము. “మా ఊరు చాల అందమైనది” అని వ్రాసి ఊరకున్నచో చదువరికి ఏ ఊరును కనబడదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటిని గూర్చియు, అందు తిరుగు తాటిదోనెలను గూర్చియు, ఆటపాకలో గూళ్లు కట్టు గూడబాతులను గూర్చియు, తమ్మిలేరు, బుడమేరుల నీరు సరస్సున చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రమును కలయుటను గూర్చియు వ్రాసినచో, కొల్లేటిని చూడనివాడును దాని గట్టున నిలిచినట్లగును. అంతవఱకు పుచ్చుకొనుచున్న బాలుడు ఆ జాబుతో తానును ఒకటి ఇచ్చినవాడగును. కానుకలు కోరుట, అతిగా పొగడుట తగదు.

పోషకునికిని ధర్మము కలదు. తన సంపదను వర్ణింపక, తన ఊరి వానను, తన చిన్ననాటి బడిని గూర్చి చెప్పవలెను. “నీ స్నేహితులెవరు? నీకు ఏ పాఠ మిష్టము?” అని అడుగవలెను. తోటివారికందఱకు జాబులు వచ్చిననాడు తనకు రాని బాలుడు ఏమనుకొనునో తలంపవలెను. ధనము సకాలమున అందినను, వాని మనస్సులోని ఆ వెలితి తీరదు.

తన పేరు వ్రాసి తన క్షేమమడిగిన జాబును పసివాడు పుస్తకమున దాచుకొనును. దిగులు కలిగిననాడు తీసి మరల చదువుకొనును. కావున జాబు అందినవెంటనే బదులు వ్రాయుట ఇరువురకును విధి.