వలస పోయినా బువ్వ, బడి ఆగకూడదు

పాలమూరు జిల్లా వలసలకు పేరు పడింది. ముంబై, పుణే, హైదరాబాద్ - కట్టడం పని ఎక్కడ ఉంటే అక్కడికి పాలమూరు కూలీలు పోయారు. ఎన్నో డ్యాములు, కాల్వలు, రోడ్లు వాళ్ళ చెమటతో కట్టినవే. ఇప్పుడు కొన్ని ఊళ్ళకు సాగునీరు వచ్చింది. వలస తగ్గింది. అయినా పూర్తిగా ఆగలేదు. పంట పోతే, అప్పు మీద పడితే, తల్లిదండ్రులు మూట కట్టుకుని బయలుదేరుతారు. పిల్లలనూ వెంట తీసుకుపోతారు.

పెద్దలకు పని దొరుకుతుంది. మరి పిల్లలకు?

ఊళ్ళో ఉంటే బడి ఉంది. మధ్యాహ్నం బడిలో వేడి అన్నం ఉంది. ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క. పని దగ్గర ఇది దొరకదు. పొద్దున చాయ్, బన్ను. మధ్యాహ్నం చల్లారిన అన్నం, కారం. పెద్దపిల్ల అయితే తమ్ముణ్ణి చూసుకుంటూ గుడిసెలోనే ఉండిపోతుంది. ఇట్లా నెలలు గడుస్తాయి.

ఒక ఊరి మహిళా సంఘంలో ఇదే మాట వచ్చింది.

"టీచరమ్మా, పుణే నుంచి వచ్చి నెలయింది. మా పోరడు బళ్ళె కూసుంటే నిద్ర పోతున్నడట. చదువు తలకెక్కుత లేదు" అన్నది ఒక తల్లి.

"వాడు మొద్దు కాదక్కా. రక్తం తక్కువైందేమో. కింది కనురెప్ప లోపల చూసినవా? తెల్లగ ఉన్నదా?" అని అడిగింది అంగన్‌వాడీ టీచర్.

"ఉన్నదమ్మా. జర ఉరికితే ఆయాసపడ్తడు."

"అయితే రేపే దవాఖానకు తీస్కపో. రక్తం పరీక్ష చేస్తరు."

రక్తం తక్కువైతే ఏమవుతుంది?

మన రక్తానికి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే ఒంటికి, మెదడుకు గాలి సరిగా అందదు. పిల్ల అలసిపోతుంది. పాఠం మీద మనసు నిలవదు. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. ఈడొచ్చిన ఆడపిల్లలకు నెలనెలా రక్తం పోతుంది. వాళ్ళకు ఇంకా జాగ్రత్త కావాలి.

మట్టిలో ఉత్త కాళ్ళతో తిరిగితే కొక్కెం పురుగు అరికాలి నుంచి లోపలికి పోతుంది. పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. బడిలో ఇనుము మాత్ర, నులిపురుగుల మాత్ర ఇస్తారు. బడి మానితే ఆ మాత్రలూ పోతాయి.

ఏం చేయాలి?

1. తోటకూర, మునగాకు, పప్పు, రాగులు, పల్లీలు, గుడ్డు - వీటిలో ఏది దొరికితే అది రోజూ పెట్టాలి. అన్నంలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తినగానే చాయ్ ఇవ్వకూడదు. చాయ్ ఇనుమును ఒంటబట్టనివ్వదు.

2. కాళ్ళకు చెప్పులు వేయాలి. తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి.

3. చంటిపిల్లలను పనిచేసే చోట ఉన్న అంగన్‌వాడీలో చేర్పించాలి.

4. రేషన్ కార్డు మీద వేరే రాష్ట్రంలో బియ్యం వస్తాయో లేదో బయలుదేరే ముందే డీలరును అడగాలి. ఆధార్ వెంట ఉంచుకోవాలి.

5. పిల్లలను అక్కడి సర్కారు బడిలో చేర్చాలి. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. టి.సి. రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. ముంబై కార్పొరేషన్ తెలుగు బడులు కూడా నడుపుతుంది.

6. కొన్ని చోట్ల వలస పోయేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉంటుంది. అది ఉంటే పిల్ల ఊళ్ళోనే ఉండి చదువుకోవచ్చు. హెడ్‌మాస్టరును అడగాలి.

కూలి డబ్బు అప్పు తీరుస్తుంది. కానీ పిల్ల పోగొట్టుకున్న తరగతిని ఆ డబ్బుతో కొనలేం. మూట కట్టేటప్పుడే బువ్వ సంగతి, బడి సంగతి కూడా చూసుకోవాలి.

ఆలోచించండి - మాట్లాడండి

1. మీ ఊరి నుంచి ఎవరెవరు వలస పోతారు? వాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?
2. ఇనుము ఉండే తిండి మీ ఇంట్లో ఏమేం వండుతారు?
3. తినగానే చాయ్ ఎందుకు తాగకూడదు?

చదవండి - రాయండి

వలస, రక్తం, ఇనుము, మునగాకు, చట్టం, హక్కు