ఇంజిన్ మారితే కారుకు వేగం ఎవరు చెబుతారు?

ఒక కారులోని ఇంజిన్ తీసేసి మరో కారు ఇంజిన్ అమర్చడాన్ని ‘ఇంజిన్ స్వాప్’ అంటారు. ఇంజిన్ చక్కగా బిగిసింది, స్టార్ట్ అయింది. కానీ రోడ్డెక్కాక స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఇంజిన్ కూడా ఆగిపోతోంది. ఇంజిన్‌లో లోపం లేకపోయినా ఇలా జరగవచ్చు. అప్పుడు ముందుగా చూడాల్సిన వాటిలో ఒకటి గేర్‌బాక్స్‌కు బిగించి ఉండే చిన్న పరికరం, వెహికల్ స్పీడ్ సెన్సర్.

పళ్లు లెక్కపెట్టే పరికరం

ఈ సెన్సర్ వేగాన్ని నేరుగా కొలవదు. గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తిని చేరవేసే షాఫ్ట్ మీద పళ్లున్న ఉక్కు చక్రం ఉంటుంది. ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి దాటినప్పుడల్లా ఒక విద్యుత్ పల్స్ పుడుతుంది. సెకనుకు ఎన్ని పల్స్‌లు వచ్చాయో చూసి, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) వేగాన్ని లెక్కగడుతుంది.

ఈ సెన్సర్లలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటి దానిలో శాశ్వత అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. పన్ను దగ్గరకొచ్చి దూరమయ్యేటప్పుడు తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ప్రకారం అందులో వోల్టేజీ పుడుతుంది. బయటి నుంచి కరెంటు అక్కర్లేదు, రెండు తీగలు చాలు. అయితే ఈ వోల్టేజీ అభివాహం మారే రేటును బట్టి ఉంటుంది. అందుకే కారు మెల్లగా కదిలేటప్పుడు సంకేతం బలహీనపడుతుంది.

రెండోది 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ఫలితం మీద పనిచేస్తుంది. కరెంటు ప్రవహిస్తున్న పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే, పలక అంచుల మధ్య వోల్టేజీ ఏర్పడుతుంది. ఇది క్షేత్ర బలాన్ని బట్టి ఉంటుంది, క్షేత్రం ఎంత త్వరగా మారుతోందన్న దానిని బట్టి కాదు. కాబట్టి నడక వేగంలో కూడా స్పష్టమైన పల్స్ వస్తుంది. దీనికి సాధారణంగా మూడు తీగలుంటాయి.

హాల్ సెన్సర్ కోసం తయారైన ఈసీయూకు తీగచుట్ట సెన్సర్‌ను నేరుగా కలిపితే తక్కువ వేగాల్లో పల్స్‌లు గల్లంతవుతాయి. మధ్యలో ఆ సంకేతాన్ని తీర్చిదిద్దే సర్క్యూట్ ఒకటి అవసరం.

ఈసీయూకు వేగంతో పనేమిటి?

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశారనుకోండి. కారు కదులుతోందా, నిలబడి ఉందా అన్నది ఇంజిన్ ఆర్‌పీఎం ఒక్కదానితో తెలియదు. కదులుతుంటే ఇంధనాన్ని తాత్కాలికంగా ఆపవచ్చు. ఆగబోతుంటే ఇంజిన్ ఆరిపోకుండా గాలిని సర్దాలి. వేగం సమాచారం అందకపోతే కొన్ని ఈసీయూలు ఈ సర్దుబాటులో తడబడతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గేర్లు మార్చడానికి, క్రూయిజ్ కంట్రోల్ పనిచేయడానికి కూడా ఈ సమాచారమే ఆధారం. సంకేతం అందలేదని గుర్తిస్తే ఈసీయూ సాధారణంగా ‘పీ0500’ అనే లోపం కోడ్ నమోదు చేస్తుంది.

ఒక పల్స్‌కు ఎన్ని మీటర్లు?

సంకేతం అందినంత మాత్రాన సరిపోదు, దాని అర్థం కూడా కుదరాలి. అమెరికాలో పాత కార్లకు జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ శ్రేణి వీ8 ఇంజిన్‌ను అమర్చడం బాగా ప్రచారంలో ఉంది. దానితో తరచూ వచ్చే 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో సెన్సర్ చక్రానికి 40 పళ్లుంటాయి. టైరు ఒక చుట్టుకు 2 మీటర్లు దొర్లుతుందనుకుంటే కిలోమీటరుకు 500 చుట్లు. యాక్సిల్ నిష్పత్తి 3.73 అయితే షాఫ్ట్ 1,865 సార్లు తిరుగుతుంది. అంటే కిలోమీటరుకు 74,600 పల్స్‌లు.

ఇప్పుడు కారు డాష్‌బోర్డు వైపు చూద్దాం. జపాన్ ప్రమాణం ప్రకారం స్పీడోమీటర్ కేబుల్ కిలోమీటరుకు 637 సార్లు తిరుగుతుంది. చుట్టుకు 4 పల్స్‌ల లెక్కన 2,548. ఆ మీటరుకు 74,600 పల్స్‌లు నేరుగా పంపితే ఫలితం అర్థరహితం.

అందుకే జనరల్ మోటార్స్ ఈసీయూ ఆ పల్స్‌లను కుదించి, స్పీడోమీటర్ కోసం మైలుకు 4,000 చొప్పున వేరే తీగ మీద పంపుతుంది. అది కిలోమీటరుకు సుమారు 2,485. చూడ్డానికి 2,548కి దగ్గరే. కానీ అసలు వేగం 100 ఉంటే మీటరు 97.5 మాత్రమే చూపిస్తుంది. దీనికి తోడు 5 శాతం పెద్ద టైర్లు వేసి ఈసీయూలో ఆ సంగతి నమోదు చేయకపోతే, చూపేది సుమారు 93.

ఈ తేడా చిన్నదేం కాదు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే ఎప్పుడూ తక్కువ చూపకూడదని ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే నిరంతరంగా మోగే హెచ్చరిక తప్పనిసరి. పైన చెప్పినంత తప్పు అందులో ఉంటే, 120కి మోగాల్సినది 129 దగ్గర మోగుతుంది. గతిజ శక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే బ్రేకులు దాదాపు 16 శాతం ఎక్కువ శక్తిని అణచాలి.

సరిచూసుకోవడం ఎలా?

మన దగ్గర ఇంజిన్ మార్పుపై మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఆంక్షలున్నాయి. కాబట్టి ముందు ఆర్‌టీఓ కార్యాలయంలో సంప్రదించాలి. పని మొదలుపెట్టాక తేల్చుకోవాల్సినవి నాలుగు: సెన్సర్ ఏ రకం, చక్రానికి ఎన్ని పళ్లు, యాక్సిల్ నిష్పత్తి ఎంత, టైరు ఒక చుట్టుకు ఎంత దూరం దొర్లుతుంది. ఈ వివరాలు ఈసీయూలో నమోదు చేయాలి. ఇంకా తేడా ఉంటే పల్స్‌ల సంఖ్యను మార్చే చిన్న పరికరం వాడవచ్చు. పై ఉదాహరణలో 2,485ను 2,548 చేయాలంటే 1.025తో గుణిస్తే చాలు.

చాలా కొత్త కార్లలో గేర్‌బాక్స్ మీద ఈ సెన్సర్ ఉండదు. ఏబీఎస్ కోసం నాలుగు చక్రాల దగ్గరా ఉండే సెన్సర్ల నుంచి వేగం సమాచారం డిజిటల్ సందేశంగా ఈసీయూకు చేరుతుంది. అలాంటి ఇంజిన్‌ను పాత కారులో పెడితే, ఆ సందేశం పంపేందుకు కూడా ఏర్పాటు చేయాలి.

చివరగా, వాహనాలు లేని తిన్నని రోడ్డుపై, పక్కన కూర్చున్నవారు జీపీఎస్ వేగాన్ని చదువుతుండగా, స్థిరమైన వేగంతో వెళ్లి మీటరుతో పోల్చాలి. రెండూ సరిపోలితేనే ఆ ఇంజిన్ మార్పు పని పూర్తయినట్టు.