ఒరిగినా కూలని ఓక్ చట్రం
ఇంగ్లండ్‌లోని రై పట్టణంలో మెర్మెయిడ్ ఇన్ అనే శతాబ్దాల నాటి సత్రం, పబ్ ఉంది. దాని బరువును మోసేది ఓక్ కొయ్య చట్రం. ఇలాంటి కట్టడాలకు వడ్రంగులు ఎక్కువగా పచ్చి ఓక్‌నే వాడేవారు. ఎండితే దాన్ని చెక్కడం కష్టం. ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కి, మరో కొయ్యలోని బెజ్జంలో దూర్చి, కొయ్య మేకు దిగ్గొట్టేవారు. ఎండేకొద్దీ ఓక్ కుంచించుకుపోయి వంగుతుంది. అతుకులు కొంతవరకు సర్దుకుంటాయి. అందుకే గోడ కాస్త ఒరిగినంత మాత్రాన చట్రం బలహీనపడినట్లు కాదు.

అసలు శత్రువు తేమ. చట్రం మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టి మెత్తి, పైన సున్నం పూసేవారు. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా తేమ ఆవిరై బయటికి పోతుంది. మరమ్మతు పేరుతో సిమెంట్ పూస్తే, పగుళ్లలోంచి దిగిన నీరు లోపలే చిక్కుకుంటుంది. తడి ఆరని కొయ్యను శిలీంధ్రాలు కుళ్లబెడతాయి. పాత గోడకు గట్టి పూత కన్నా, తేమను వదిలే పూతే రక్ష.