బీమా మోసాలు – వినియోగదారుని జాగరూకత

పాఠ్యభాగ ఉద్దేశం

ఆపదలో ఆదుకొంటుందని నమ్మి తీసుకొన్న బీమా పాలసీయే కొందరికి ఆపదగా మారుతున్నది. బీమా స్వభావం ఏమిటి, అందులో మోసం ఏయే రూపాలలో జరుగుతుంది, వినియోగదారుడు తనను తాను ఎలా కాపాడుకోవాలి అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మానవజీవితం అనిశ్చితమైనది. పంట చేతికి వచ్చే వేళకు తుపాను రావచ్చు. నిన్నటి వరకు సంపాదించి పెట్టిన ఇంటి పెద్ద నేడు మంచం పట్టవచ్చు. ఇటువంటి కష్టం ఒక్క కుటుంబం మీద పడితే ఆ కుటుంబం కుంగిపోతుంది. అదే కష్టాన్ని వేలమంది పంచుకొంటే ఎవరికీ మోయలేని భారం కాదు. ఈ ఆలోచన నుంచే బీమా పుట్టింది. ఎందరో కట్టిన చిన్న చిన్న మొత్తాలు ఒకచోట చేరి, వారిలో ఆపదకు గురైన కొందరిని ఆదుకొంటాయి. అలా కట్టే మొత్తాన్ని ప్రీమియం అని, ఒప్పందపత్రాన్ని పాలసీ అని, నష్టం జరిగినప్పుడు సొమ్ము కోరడాన్ని క్లెయిమ్ అని అంటారు.

ఇతర వస్తువుల కొనుగోలుకూ బీమా కొనుగోలుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. బియ్యం కొనేవారు గింజను చేతిలోకి తీసుకొని చూస్తారు. చీర కొనేవారు నేతను పరిశీలిస్తారు. బీమాలో కొనేది ఒక వాగ్దానం మాత్రమే. అది గట్టిదో కాదో ఆపద వచ్చిన నాడే తెలుస్తుంది. అందువల్ల బీమా వ్యాపారానికి విశ్వాసమే మూలధనం. మోసగాడు దెబ్బ తీసేది కూడా ఆ విశ్వాసాన్నే.

ఈ సత్యాన్ని న్యాయస్థానాలు చాలా కాలం క్రితమే గుర్తించాయి. సుమత్రా దీవిలోని ఒక ఆంగ్లేయ కోటకు దాని గవర్నరు లండనులో బీమా తీసుకొన్నాడు. 1760లో ఆ కోటను ఫ్రెంచివారు పట్టుకొన్నారు. కోట బలహీనతను గవర్నరు దాచిపెట్టాడనే కారణంతో బీమా ఇచ్చినవాడు సొమ్ము చెల్లించడానికి నిరాకరించాడు. 1766లో ఈ వివాదాన్ని విచారించిన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్, బీమా ఒప్పందానికి సద్విశ్వాసమే ఆధారమనీ, ఆ ధర్మం ఇరుపక్షాలకూ వర్తిస్తుందనీ నిర్ణయించాడు. తీర్పు గవర్నరుకు అనుకూలంగా వచ్చింది. ఆ కాలంలోనే ఇంగ్లండులో కొందరు తమకు ఏ సంబంధమూ లేని వ్యక్తుల ప్రాణాల మీద పాలసీలు తీసుకొని, వాటిని పందేలుగా మార్చారు. దానిని అరికట్టడానికి 1774లో ఒక చట్టం వచ్చింది. ఎవరి మరణం వల్ల మనకు నిజమైన నష్టం కలుగుతుందో వారి ప్రాణానికి మాత్రమే మనం బీమా తీసుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది.

మన దేశంలో 1818లో కలకత్తాలో తొలి జీవితబీమా సంస్థ ఏర్పడింది. 1938లో సమగ్రమైన బీమా చట్టం వచ్చింది. 1956 సెప్టెంబరు 1న భారతీయ జీవితబీమా సంస్థ ఆవిర్భవించింది. 1999లో చేసిన చట్టం ద్వారా బీమా నియంత్రణ సంస్థకు చట్టబద్ధత లభించింది. ప్రైవేటు కంపెనీలకూ ద్వారాలు తెరుచుకొన్నాయి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. అని పిలిచే ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. కంపెనీలు పెరగడంతో వినియోగదారునికి ఎంపిక పెరిగింది. దానితోపాటు జాగ్రత్తపడవలసిన అవసరమూ పెరిగింది.

బీమా మోసాలలో మొదటిది, ఉన్నది లేనట్లుగా, లేనిది ఉన్నట్లుగా చెప్పి పాలసీని అంటగట్టడం. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తనకు వచ్చిన సొమ్ములో రెండు లక్షల రూపాయలను డిపాజిట్ చేయాలని వెళ్ళాడనుకొందాం. అంతకంటే ఎక్కువ వడ్డీ వస్తుందని చెప్పి అతనిచేత కొన్ని కాగితాల మీద సంతకాలు చేయించారు. ఏడాది తిరిగేసరికి మరో రెండు లక్షలు కట్టాలని ఉత్తరం వచ్చింది. తాను చేసినది డిపాజిట్ కాదనీ, పదేళ్ళపాటు ఏటా ప్రీమియం కట్టవలసిన పాలసీ అనీ అప్పుడు తెలిసింది. కట్టడం మానితే మొదటి సొమ్ములో చాలా భాగం నష్టపోవలసి వస్తుంది. కట్టడానికి చేతిలో పైకం లేదు. చదవకుండా చేసిన ఒక్క సంతకం ఒక వృద్ధుని ప్రశాంతతను హరించింది.

రెండవది, దరఖాస్తులో అసత్యం రాయడం. చాలామంది దరఖాస్తును ఏజెంటే నింపుతాడు. మధుమేహం, రక్తపోటు ఉన్నాయని చెప్పినా, "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుందండీ" అని వాటిని వదిలివేసే ఏజెంట్లు లేకపోలేదు. కొందరు పాలసీదారులు తామే దాచిపెడతారు. ఇది చల్లకు వచ్చి ముంత దాచడం వంటిది. బయటపడిన నాడు కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు. ఏజెంటు అప్పటికి కనిపించడు. సంతకం మాత్రం పాలసీదారునిదే. అయితే ఈ విషయంలో చట్టం కంపెనీకి కూడా హద్దు గీసింది. 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం, జీవితబీమా పాలసీని మూడేళ్ళు దాటిన తరువాత ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదు.

మూడవది, నకిలీ పాలసీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, రోడ్డెక్కే ప్రతి వాహనానికి ఇతరులకు కలిగే నష్టం నిమిత్తం బీమా ఉండాలి. తక్కువ ధరకు కాగితం దొరికితే చాలుననుకొనేవారికి, కంపెనీ పేరుతో అచ్చువేసిన బూటకపు పత్రాలను అంటగట్టేవారున్నారు. ప్రమాదం జరిగిన నాడు ఆ కాగితానికి విలువ ఉండదు. బాధితునికి ఇవ్వవలసిన సొమ్మంతా వాహనయజమానే భరించాలి. తక్కువకు దొరికిందనే సంతోషం ఆ రోజుతో ముగుస్తుంది.

నాలుగవది, ఫోను ద్వారా జరిగే వంచన. "మీ ఆగిపోయిన పాలసీ మీద లక్షల బోనసు వచ్చింది. పన్ను కింద కొంత కడితే విడుదల చేస్తాము" అని ఆశ చూపుతారు. కొందరు నియంత్రణ సంస్థ అధికారులమనే చెప్పుకొంటారు. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనసులు ప్రకటించదు. ఈ మాట తెలిసిన ఇంటికి ఆ ఫోను వల్ల హాని ఉండదు. అత్యాశ ఉన్నచోట మోసగాని మాట త్వరగా పారుతుంది.

వినియోగదారుడు చేసే మోసాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. దొంగ ఆసుపత్రి బిల్లులు పెట్టడం, జరగని ప్రమాదాన్ని సృష్టించడం వంటివి కంపెనీకి మాత్రమే నష్టమని కొందరు భావిస్తారు. ఆ సొమ్ము నిజాయితీపరులు కట్టిన ప్రీమియాల నుంచే పోతుంది. లోకంలో 'ఫోర్ ట్వంటీ' అని వాడుకలోకి వచ్చిన పాత శిక్షాస్మృతి 420వ సెక్షను స్థానంలో, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను అమలులో ఉంది. వంచన ఎవరు చేసినా నేరమే.

మరి వినియోగదారుడు చేయవలసినది ఏమిటి? ఖాళీ దరఖాస్తు మీద సంతకం చేయరాదు. తెలియని భాషలో ఉంటే తెలుగులో చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం పెట్టాలి. ఆరోగ్యబీమా ముఖ్యాంశాల పత్రాన్ని ప్రాంతీయ భాషలో కోరే హక్కు 2024 నుంచి పాలసీదారునికి ఉంది. ఉన్న వ్యాధులను ఉన్నట్లే రాయించాలి. ప్రీమియాన్ని ఏజెంటు సొంత ఖాతాకు కాక కంపెనీకే చెల్లించి రసీదు పొందాలి. పాలసీ అందగానే దాని సంఖ్యను కంపెనీ కార్యాలయంలో సరిచూసుకోవాలి. కుటుంబసభ్యులకు, నామినీకి ఆ వివరాలు తెలిపి ఉంచాలి.

పాలసీ చేతికి వచ్చిన తరువాత కూడా ఆలోచించుకొనే గడువు ఉంది. 2024 నాటి నిబంధనల ప్రకారం, ఏడాది గాని అంతకు మించి గాని కాలపరిమితి గల జీవిత, ఆరోగ్య బీమా పాలసీలను అందిన ముప్పై రోజులలోపు తిరిగి ఇచ్చివేయవచ్చు. స్వల్పమైన ఖర్చులు మినహాయించి మిగిలిన సొమ్మును కంపెనీ వాపసు చేయాలి. పైన చెప్పిన ఉపాధ్యాయుడు ఆ కాగితాలను ముప్పై రోజులలో చదివి ఉంటే అతని కథ వేరుగా ఉండేది.

మోసం జరిగితే మౌనంగా ఉండరాదు. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు సమాధానం రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులో ఉంది. యాభై లక్షల రూపాయల వరకు గల వివాదాలను అక్కడ పరిష్కరిస్తారు. రుసుము లేదు. న్యాయవాది అవసరం లేదు. నియంత్రణ సంస్థకు 155255 నంబరు ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫోనులో మోసపోయి డబ్బు పంపినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలపాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను కూడా ఆశ్రయించవచ్చు.

ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఉంటే, పెద్దలు సంతకం చేసే ముందు ఆ కాగితాన్ని ఒకసారి చదివి వినిపించడం వారి బాధ్యత. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటే, సంతకానికి ముందు పది నిమిషాలు చదవడం మేలు.

అభ్యాసం

అర్థాలు
అనిశ్చితం = నిశ్చయం లేనిది
సద్విశ్వాసం = మంచి నమ్మకం, కపటం లేని వర్తన
జాగరూకత = మెలకువ, జాగ్రత్త
బూటకం = అబద్ధం, నకిలీ
హరించు = అపహరించు, పోగొట్టు

అ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బీమా మోసాలు ఏయే రూపాలలో జరుగుతాయో వివరించండి.
2. "బీమా వ్యాపారానికి విశ్వాసమే మూలధనం." పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. 1766 నాటి తీర్పు బీమా విషయంలో ఏ ధర్మాన్ని స్థాపించింది?
2. పాలసీ అందిన తరువాత పాలసీదారునికి గల గడువు ఎటువంటిది?
3. బీమా అంబుడ్స్‌మన్‌ను ఎప్పుడు ఆశ్రయించాలి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉంది?
2. 'చల్లకు వచ్చి ముంత దాచడం' అనే సామెతను ఏ సందర్భంలో వాడారు?

ఈ) సంధులు
వాగ్దానం = వాక్ + దానం – జశ్త్వ సంధి
అత్యాశ = అతి + ఆశ – యణాదేశ సంధి
సొమ్మంతా = సొమ్ము + అంతా – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
మానవజీవితం – మానవుని యొక్క జీవితం – షష్ఠీ తత్పురుష
ముప్పై రోజులు – ముప్పై అను సంఖ్య గల రోజులు – ద్విగు సమాసం

ఊ) ప్రాజెక్టు పని
మీ ఇంటిలో గాని, ఇరుగుపొరుగు వారింట గాని ఉన్న ఒక బీమా పాలసీని వారి అనుమతితో చదివి, దాని కాలపరిమితి, ప్రీమియం, మినహాయింపులను వారికి తెలుగులో వివరించండి. వారికి ముందుగా తెలియని అంశాలేవో రాసి తరగతిలో చర్చించండి.