కొల్లేటి కావలి

పాఠ్యభాగ పరిచయం

అటవీ అధికారి అనగానే కొండలు, కీకారణ్యాలు, పులుల పాదముద్రలు మనస్సులో మెదలుతాయి. చెట్టునీడ కూడా అరుదైన ఒక సరస్సులో పడవ మీద తిరుగుతూ కొలువు చేసే అటవీ ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. వారు కాపాడవలసినవి చేపలు, పక్షులు, ఆ రెండింటికీ ప్రాణాధారమైన నీటి నడక. ఆ వృత్తి స్వరూపాన్ని, అందులోని ధర్మసంకటాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

గుడివాడ నుండి భీమవరం వెళ్లే రైలుమార్గంలో కైకలూరుకు ముందు వచ్చే ఊరు మండవల్లి. చిరకాలం కృష్ణా జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు జిల్లాలో చేరింది. ఊరు దాటి సరస్సు వైపు సాగితే వరిచేలు పలచబడి చేపల చెరువులు ఎదురవుతాయి. పెదఎడ్లగాడి వంతెన, పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక వంటి పేర్లు వినబడడం మొదలైనదంటే కొల్లేటిలో అడుగుపెట్టినట్లే. ఈ దారిలోనే ఒకచోట అభయారణ్యపు సరిహద్దు కూడా దాటిపోతుంది. దాటిన సంగతి బాటసారికి తెలియదు. ఆ సరిహద్దుకు కంచె లేదు, ప్రహరీ లేదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున ఉన్న స్థలాలను కలుపుతూ పటం మీద గీసిన గీత అది. దానిని 'ప్లస్ అయిదు కాంటూరు' అంటారు. వరదకాలంలో ఆ గీత నీటి అడుగున ఉంటుంది. మండువేసవిలో బీటలువారిన నేలమీద ఉంటుంది. కంటికి కనబడని ఆ గీతకు కాపలా కాయడమే ఇక్కడి అటవీ అధికారి ఉద్యోగం.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏళ్లూ, లెక్కకు మిక్కిలిగా ఉన్న మురుగుకాలువలూ తెచ్చిన నీటిని తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లమెల్లగా బంగాళాఖాతానికి పంపుతుంది. దండి మహాకవి దశకుమారచరితంలో ఆంధ్రనగర సమీపాన వర్ణించిన మహాసరస్సు కొల్లేరేనని పలువురు పండితుల అభిప్రాయం. కావ్యాలలోని సరస్సులలో సాధారణంగా హంసలూ తామరలూ తప్ప మరేమీ ఉండవు. అసలు కొల్లేరు అంతకంటె ఎంతో సంపన్నమైనది. కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, గొరక - ఇవన్నీ ఎవరూ విత్తకుండానే ఈ నీటిలో పుట్టి పెరిగిన జాతులు. తొలకరి వానలకు కొత్తనీరు రాగానే వీటిలో చాలా చేపలు ప్రవాహానికి ఎదురెక్కి, మునిగిన పొలాలలోనూ గడ్డిదుబ్బులలోనూ గుడ్లు పెడతాయి. నీరు తీసేవేళకు పిల్లలతో సరస్సుకు తిరిగివస్తాయి. ఈ రాకపోకలకు దారి ఉన్నంతకాలం కొల్లేటి జాలరికి వల ఖాళీగా తేలలేదు.

చేపలున్నచోటికి పక్షులు రావడం సహజం. శీతకాలంలో దూరదేశాల నుండి పరజలు గుంపులు గుంపులుగా దిగుతాయి. అయితే కొల్లేటికి కీర్తి తెచ్చిన పక్షి గూడబాతు. నాలుగు నుండి ఆరు కిలోల బరువు తూగే ఈ పక్షి ముక్కు కింద సంచి వంటి తోలుతిత్తి ఉంటుంది. నీటిలో ముక్కు ముంచి, వలతో దేవినట్లు చేపలను ఎత్తి, నీటిని వదలివేసి మింగుతుంది. 1946లో కె.కె.నీలకంఠన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి సమీపాన ఈ పక్షుల పెద్ద గూళ్లస్థావరాన్ని గుర్తించి లోకానికి తెలిపాడు. దక్షిణభారతంలో గూడబాతులు గుడ్లు పెట్టే చోట్లు అప్పటికి బహు కొద్దిగా మాత్రమే తెలిసి ఉండడంచేత ఆ వార్తకు ఎంతో విలువ వచ్చింది. కాని 1975 ప్రాంతానికి ఆ పక్షులు ఆ స్థావరాన్ని విడిచిపోయాయి. పక్షి ఎవరికీ ఫిర్యాదు చేయదు, లేచిపోతుంది. దాని వలసయే దాని వాఙ్మూలం.

పక్షులు తరలిపోయిన ఆ రోజులలోనే కొల్లేటి స్వరూపం మారడం మొదలైనది. పేద జాలరులకు, లంక గ్రామాల ప్రజలకు స్థిరమైన జీవనోపాధి కల్పించాలనే సదుద్దేశంతో 1970 దశకం రెండవ భాగంలో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా సరస్సులో చేపల చెరువులు తవ్వడాన్ని ప్రోత్సహించింది. ఉద్దేశం మంచిదే. చెరువులో పెంచిన బొచ్చెకు, శీలావతికి దూరనగరాలలో గిరాకీ ఏర్పడగానే సంపన్నుల దృష్టి కొల్లేటిపై పడింది. సంఘాల పేర చెరువులు నిలిచాయి, పెత్తనం పెట్టుబడిదారులకు మారింది. సరస్సు నడుమ గట్లు లేచాయి. ఒక గట్టు వేసినవాడు తన చెరువును మాత్రమే చూసుకొంటాడు. వేల గట్లు లేచినపుడు సరస్సు గదులు గదులుగా విడిపోతుంది. వచ్చిన వరద వెడలడానికి దారి ఉండదు. ఎదురెక్కే చేపకు గట్టు గోడ అవుతుంది. చెరువులకు వేసిన ఎరువులు, మందులు, కొన్నిచోట్ల మేతగా వేసిన కోళ్ల వ్యర్థాలు చివరకు సరస్సు నీటిలోనే కలుస్తాయి. పైన గుర్రపుడెక్క కమ్ముకొంటుంది. నీటిమధ్య నివసించేవారికే తాగునీరు కరవైన దుస్థితి లంకవాసులకు సంభవించింది.

ఈ పరిస్థితులలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1999లో 120వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. ప్లస్ అయిదు కాంటూరు లోపలి దాదాపు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002లో అంతకంటె విశాలమైన పరిధిలో, 901 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటికి రామ్‌సార్ గుర్తింపు లభించింది. 1971లో ఇరాన్ దేశంలోని రామ్‌సార్ పట్టణంలో చిత్తడినేలల రక్షణకై కుదిరిన ఒడంబడికే దీనికి మూలం.

చట్టంలో 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది. ఇది అందరికీ తెలిసినదే. కొల్లేటికి అంతకంటె ముఖ్యమైనది 29వ సెక్షను. వన్యప్రాణుల ఆవాసాన్ని ధ్వంసం చేయడంతోపాటు, అభయారణ్యంలోకి వచ్చే నీటిని గాని, బయటికి పోయే నీటిని గాని అనుమతి లేకుండా మళ్లించడం, ఆపడం కూడ నేరమని ఆ సెక్షను చెబుతున్నది. అనగా తుపాకి పట్టిన వేటగాడూ, గట్టు పోసిన ఆసామీ చట్టం దృష్టిలో ఒకే పంక్తిలోని వారు. అయితే 1999 నాటి ఉత్తర్వు జాలరిని సరస్సు నుండి వెళ్లగొట్టలేదు. సంప్రదాయ పద్ధతిలో వలలతో, మావులతో చేపలు పట్టుకొనే హక్కును నిలిపి ఉంచింది. వెదురుపుల్లలతో అల్లిన మావు నీటిని ఆపదు. పెద్దచేప దానిలో చిక్కుతుంది, చిన్నచేప సందులలోనుండి జారిపోతుంది. మట్టిగట్టు అన్నిటినీ ఆపుతుంది. మావుకూ గట్టుకూ గల ఈ భేదం గ్రహించినవాడే ఇక్కడ మంచి అధికారి కాగలడు.

అటవీశాఖలో కింది స్థాయిలో ఉండి, అందరికంటె ముందుగా నేరస్థలానికి చేరవలసినవాడు బీటు అధికారి. అతనిపై సెక్షను అధికారి, రేంజి అధికారి, ఆపైన డివిజన్ స్థాయి అధికారులు ఉంటారు. ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన యువతీయువకులు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష ద్వారా బీటు అధికారి ఉద్యోగంలో చేరవచ్చు. ఎంపికలో నడక పరీక్ష ఒకటి ఉన్నది. పురుషులు 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నాలుగు గంటలలో నడవాలి. ఇంత నడక నేర్చినవారు కొల్లేటికి వచ్చి పడవ ఎక్కవలసిరావడం ఒక చమత్కారం. నీరు తగ్గిన నెలలలో మోకాటిలోతు బురదలో నడుస్తున్నపుడు మాత్రం ఆ పరీక్ష ఎందుకు పెట్టారో బోధపడుతుంది.

ఇక్కడ నేరాలకూ ఋతువులున్నాయి. శీతకాలంలో వలసపక్షులకు ఉచ్చులు, వలలు పన్నేవారుంటారు. తెల్లవారకముందే రెల్లుదుబ్బుల మాటున గస్తీ తిరగాలి. వేసవిలో సరస్సు ఎండి నేల బయటపడగానే పొక్లెయిన్లు దిగుతాయి. రాత్రికి రాత్రి గట్టు లేస్తుంది. మరునాడు నీరు పెట్టారంటే అది ఎన్నేళ్లనాటి చెరువో తేల్చడం కష్టం. అందువల్ల సమాచారం అందిన వెంటనే బీటు అధికారి అక్కడికి చేరి యంత్రాన్ని నిలిపివేయాలి. స్థలం కాంటూరు లోపలిదా, వెలుపలిదా అన్నది సర్వే పరికరంతో నిర్ధారించుకోవాలి. ప్రాథమిక నేర నివేదిక రాయాలి. సాక్షుల సమక్షంలో పంచనామా జరపాలి. 50వ సెక్షను ఇచ్చిన అధికారంతో యంత్రాన్ని స్వాధీనం చేసుకోవాలి. ఆ కాగితాలలో కొలత ఒక్కటి తప్పినా న్యాయస్థానంలో కేసు వీగిపోతుంది. ఈ కొలువులో లాఠీకంటె కలానికి, కలంకంటె కొలబద్దకు ఎక్కువ పని.

అంతకంటె కష్టమైనది మనుషులకు సమాధానం చెప్పడం. "మా తాతలనాటి నీళ్లు మీవెప్పుడయ్యాయి బాబూ?" అని లంకలోని ముసలి జాలరి అడిగితే సెక్షను నంబరు చదివి తప్పించుకొనలేడు. చెరువు గట్టుమీద కూలికి నిలిచినవాడూ ఆ ఊరివాడే. కేసు పెడితే ముందుగా దొరికేది అతడే. పెట్టుబడి పెట్టిన ఆసామి ఎక్కడో పట్టణంలో ఉంటాడు. చట్టం ఇద్దరినీ ఒకే దృష్టితో చూడవచ్చును గాని, వివేకం గల అధికారి పొక్లెయిన్ అద్దెకు తెప్పించినదెవరో విచారించకుండా నివేదిక ముగించడు.

ఈ సంఘర్షణ 2006లో పరాకాష్ఠకు చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మేరకు, ఆ ఏడాది ఏప్రిల్‌లో న్యాయస్థానం ఇచ్చిన ఆదేశంతో అభయారణ్యంలోని చెరువుల గట్లను తొలగించారు. దీనికే 'ఆపరేషన్ కొల్లేరు' అని పేరు. రెవెన్యూ, పోలీసు, అటవీ సిబ్బంది యంత్రాలతో దిగి వేల ఎకరాలలో గట్లు తెగగొట్టారు. నీటికి దారి దొరికింది. అయితే గట్లతోపాటు సంఘాలలోని చిన్నకుటుంబాల ఆదాయమూ కొట్టుకొనిపోయింది. కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతులు తమకు పరిహారం రాలేదని మొరపెట్టుకొన్నారు. ఆ మొరలో న్యాయం లేదని అనడానికి వీలులేదు. ప్రకృతి రక్షణకు అయ్యే మూల్యాన్ని దాని ఒడ్డున నివసించే బీదవారి చేత మాత్రమే చెల్లింపజేయడం ధర్మం కాదు.

2008లో అభయారణ్య పరిధిని ప్లస్ మూడు కాంటూరుకు తగ్గించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. రెండడుగులే కదా అనిపించవచ్చు. పళ్లెం వంటి కొల్లేటిలో రెండడుగుల ఎత్తు తగ్గిస్తే విస్తీర్ణంలో సగానికి పైగా చేజారిపోతుంది. కేంద్ర ప్రభుత్వం డాక్టర్ పి.ఎ.అజీజ్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం పరిశీలన జరిపి, పరిధిని తగ్గించరాదని 2011లో అభిప్రాయపడింది. గీత మారలేదు. గట్లు మాత్రం కొన్నిచోట్ల మళ్లీ లేచాయి. తెగగొట్టిన గట్టు తిరిగి లేవడానికి ఒక వేసవి చాలు.

కైకలూరు సమీపంలోని ఆటపాకలో మరొక దృశ్యం ఉన్నది. అక్కడ నీటినడుమ చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వాటిమీద పుల్లలు పేర్చి గూళ్లు కట్టుకొన్నాయి. మూడు నాలుగు గుడ్లు పెట్టి, నెలరోజులు పొదిగి, పిల్లలు ఎగరగలిగేవరకు నెలల తరబడి మేత తెచ్చిపెడతాయి. అన్ని నెలలపాటు అక్కడి నీరు ఇంకిపోకుండా చూడడం, గూళ్ల వద్దకు పడవలు పోకుండా కాయడం సిబ్బంది పని. ఒకనాడు విడిచిపోయిన పక్షి మళ్లీ వచ్చి మనిషి పెట్టిన ఇనుపకొమ్మ మీద వాలడం ఆనందదాయకమే. చెట్టును ఇనుముతో చేయవలసిరావడం అంత ఆనందదాయకం కాదు.

2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలను ముంచింది. ఆ నీరు నగరాన్ని విడిచి దిగువకు వచ్చింది. కొద్దిరోజులకు పెదఎడ్లగాడి వంతెన వద్ద మట్టం పెరిగింది. మండవల్లి మండలంలోని లంక గ్రామాలకు రోడ్లు మునిగి, పడవలే దిక్కయ్యాయి. ఎగువనున్న నగరం తేరుకొంటున్న వేళకు ఇక్కడ వరద మొదలైనది. అటువంటి రోజులలో వంతెన దగ్గర నిలబడిన ఉద్యోగులు చూసేది పక్షులను కాదు, స్తంభం మీది అంకెలను. నీరు ఎంత వచ్చిందో, ఉప్పుటేరు వైపు ఎంత కదులుతున్నదో, ఖానాలకు అడ్డుపడిన గుర్రపుడెక్క ఎంత తొలగించారో లెక్క చూసుకొంటారు. పెనుమాకలంక వాసులు కూడా వారి పక్కనే నిలిచి ఆ అంకెలనే చూస్తూ ఉంటారు.

ప్రశ్నలు

1. మావుకూ మట్టిగట్టుకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. 29వ సెక్షను కొల్లేటి విషయంలో ఎందుకు ముఖ్యమైనది?
3. 'దాని వలసయే దాని వాఙ్మూలం' - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. ఆపరేషన్ కొల్లేరు వల్ల కలిగిన మేలునూ, మిగిలిన మొరనూ చర్చించండి.