కొండదారి గుర్తులు



కాలిబాటల వెంట కనిపించే గుర్తులు అన్ని చోట్లా ఒకే పద్ధతిలో ఉండవు. ఒక దేశంలో ఎరుపు చెప్పే మాట వేరు, ఇంకో దేశంలో వేరు. కొత్త ప్రాంతంలో కొండ ఎక్కబోయేవారు ముందుగా అక్కడి గుర్తుల పద్ధతి తెలుసుకోవాలి.

చెట్లున్న చోట రంగు చాలు. అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అప్పలేచియన్ ట్రెయిల్‌లో చెట్ల మానుల మీద 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తుతో తెల్లటి పట్టీలుంటాయి. నీలం పట్టీ పక్కదారిది. ఒకదాని మీద ఒకటి రెండు తెల్ల పట్టీలు కనిపిస్తే ముందు మలుపు ఉందని. కబుర్లలో పడి నడిచేవారు దారి తప్పేది ఎక్కువగా అలాంటి చోటే.

చెట్లు లేని బండల మీద రాళ్లే గుర్తులు. వీటిలో అన్నిటికన్నా ఆలోచనతో కట్టినవి మెయిన్ రాష్ట్రంలోని అకాడియా నేషనల్ పార్కులో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడి బాటల పనులు చూసిన వాల్డ్రన్ బేట్స్ ఈ పద్ధతి తెచ్చాడు. కింద ఎడంగా రెండు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక పలక రాయి, దాని పైన ఒక చిన్న రాయి. చూడటానికి చిన్న పీటలా ఉంటుంది. పైనున్న రాయి, కింది సందు రెండూ బాట సాగే దిక్కునే చూపిస్తాయి. మామూలు రాళ్ల కుప్ప ‘దారి ఇక్కడ ఉంది’ అని మాత్రమే చెబుతుంది, ఇది ఎటు వెళ్లాలో కూడా చెబుతుంది. పైగా ఎవరో సరదాకి పేర్చిన కుప్పతో దీన్ని పొరబడటం కష్టం. ఆ సరదా కుప్పలే నిజమైన ప్రమాదం. మంచు కమ్మినప్పుడు వాటిని నమ్మి నడిచినవారు బాట వదిలి అంచుల వైపు పోతారు. అందుకే కొత్త కుప్ప పేర్చకూడదు, ఉన్నదానికి ఒక్క రాయి కూడా చేర్చకూడదు, తీయకూడదు. రాయి పెకిలిస్తే దాని కింది పలుచని మట్టి కూడా కొట్టుకుపోతుంది.

స్పెయిన్‌లో శాంటియాగో యాత్రాపథం పొడవునా కనిపించే పసుపు బాణాలు ఒక పల్లె చర్చి పూజారి చలవ. ఓ సెబ్రేరోకు చెందిన ఎలియాస్ వలీన్యా 1984లో పసుపు రంగు డబ్బాలు తీసుకుని వాటిని గీయడం మొదలుపెట్టాడు. పోర్చుగల్ వైపు దారిలో నీలం బాణాలూ ఎదురవుతాయి. అవి ఫాతిమా అనే వేరే పుణ్యక్షేత్రానికి తీసుకెళ్తాయి, శాంటియాగోకు కాదు.

స్విట్జర్లాండ్‌లో రంగు దారి కష్టాన్ని చెబుతుంది. పసుపు గుర్తు మామూలు నడకదారిది. తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీ కొండబాటది, అక్కడ కాలు నిలకడగా ఉండాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే ముందు మంచుగడ్డలో, చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన బండలో ఉండవచ్చు. అనుభవం, తగిన పరికరాలు లేనివారు అక్కడి నుంచే వెనుదిరగాలి. చెక్ దేశంలో మాత్రం ఎరుపు ముఖ్యమైన దూరపు దారికి గుర్తు, కష్టానికి కాదు.

బాటకు సంబంధం లేని గుర్తులూ ఉంటాయి. టెక్సస్‌లో చెట్ల మీద, కంచె గుంజల మీద నిలువుగా గీసిన ఊదారంగు గీత దారి చూపేది కాదు. అది సొంత భూమి, లోపలికి రావద్దని చట్టం గుర్తించిన హెచ్చరిక. డల్లాస్, ఆస్టిన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. కొమ్మలకు కట్టిన రంగు రిబ్బన్లు కూడా సర్వేవాళ్లవో, కలప కొట్టేవాళ్లవో కావచ్చు.

చాలా దూరం నడిచినా గుర్తు కనబడకపోతే ముందుకు పోకూడదు, చివరిగా చూసిన గుర్తు దాకా వెనక్కి రావాలి. బోడి బండల మీద మంచు కమ్మితే, ఇద్దరున్నప్పుడు ఒకరు రాళ్ల గుర్తు దగ్గరే నిలబడాలి, రెండోవారు మాట వినపడేంత దూరంలోనే తర్వాతి గుర్తు వెతకాలి. ఒంటరిగా ఉన్నవారు ఆ గుర్తును విడిచిపెట్టకుండా మంచు తేలిపోయేదాకా ఆగాలి.