ఆకలి లేని రోగికి ఆహారము

ఇంటిలో ఒకరు జ్వరముతో మంచము పట్టినపుడు ఆ మార్పు మొదట కంచము దగ్గరనే కనబడును. నిన్నటివరకు ఇష్టముగా తినిన కూర నేడు వాసన తగిలినంతనే డోకు తెప్పించును. రోగి రెండు ముద్దలు తిని చేయి కడుగుకొనును. ఇట్టి సమయమున ఇంటివారు సాధారణముగా రెండు పొరపాట్లలో ఒకటి చేయుదురు. కొందరు "లంఖణము పరమౌషధము" అను మాటను పట్టుకొని రోగిని దినముల తరబడి పస్తు పెట్టుదురు. మరికొందరు బలము రావలెనను ఆతురతతో, ఆరోగ్యవంతులు తిను భోజనమునే గద్దించి తినిపింపజూతురు. మొదటి పద్ధతివలన రోగి శుష్కించును. రెండవ పద్ధతివలన వాంతియై అన్నమన్ననే విముఖత పుట్టును. ఈ రెండింటికిని నడుమ ప్రతి వంటింటిలోను అమలు జరుపదగిన సులభమార్గము కలదు.

ఆకలి ఏల తగ్గును?

రోగక్రిములు శరీరమున ప్రవేశించినపుడు వానిని ఎదుర్కొనుటకై శరీరము కొన్ని రసాయన ద్రవ్యములను పుట్టించును. అవి మెదడుపై పనిచేసి జ్వరమును కలిగించుటయే గాక ఆకలిని గూడ అణచును. జీర్ణకోశము తనలోని ఆహారమును ఆలస్యముగా ముందుకు పంపును. కావున కొంచెము తినినను కడుపు నిండినట్లుండును. నోరెండుటచేతను, కొన్ని మందులవలనను నాలుకకు చేదు తగులును. కనుక రోగి తినలేననుట మొండితనము కాదు, గారాబము కాదు. అది వ్యాధి లక్షణములలో ఒకటి.

అయితే ఆకలి తగ్గినంత మాత్రమున శరీరమునకు ఆహారముతో పని తగ్గదు. జ్వరము ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెరిగినపుడు శరీరము వ్యయపరచు శక్తి నూటికి 10 మొదలు 13 వంతులవరకు పెరుగును. శరీరపు వేడి 37 డిగ్రీలనుండి 39 డిగ్రీలకు పెరిగిన రోగి, కదలక పడుకొనియున్నను, అయిదవ వంతునుండి నాల్గవ వంతువరకు ఎక్కువ శక్తిని ఖర్చుచేయుచుండును. ఆ శక్తి ఆహారమునుండి రానిచో శరీరము తన కండరములనే కరిగించుకొనును. జ్వరము విడిచిన పిదపకూడ కాళ్లు తడబడుటకును, మెట్లెక్కలేకపోవుటకును ఇది ముఖ్యకారణము.

లంఖణము ఎంతవరకు?

బలిష్ఠుడైన పెద్దవాడు ఒకటి రెండు పూటలు భోజనము మానినందువలన, నీరు చక్కగా త్రాగుచున్నచో, కీడు కలుగదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మధుమేహరోగులు, ముందే చిక్కియున్నవారు మాత్రము ఆ మాత్రపు పస్తునకు గూడ తాళజాలరు. మన ప్రాచీన వైద్యము కూడ అంతులేని ఉపవాసమును విధింపలేదు. ఆయుర్వేద గ్రంథములలో మండము, పేయ, విలేపి, యూషము అను వంటకములు వర్ణింపబడినవి. మండమనగా మెతుకులేని గంజి, పేయయనగా కొద్ది మెతుకులుగల పలుచని జావ, విలేపి చిక్కని జావ, యూషము పప్పుకట్టు. రోగి కోలుకొనుకొలది పలుచని దానినుండి చిక్కని దానికి మార్చుటయే ఆ పద్ధతి. పథ్యమనగా పస్తు కాదు. ఒంటికి తగిన ఆహారమని అర్థము.

పాశ్చాత్య దేశములందును జ్వరరోగులను పస్తుంచు ఆచారము చాలకాలము నడచినది. పందొమ్మిదవ శతాబ్దమున డబ్లిన్ నగరమందలి వైద్యుడు రాబర్టు గ్రేవ్సు (1796–1853) దానిని ఎదిరించి, జ్వరరోగులకు ఆహారమిచ్చిన వైద్యుడను ఖ్యాతి గడించెను.

మొదట నీరు

అన్నము ఒక పూట ఆగవచ్చును గాని నీరు ఆగరాదు. జ్వరము, చెమట, వాంతులు, విరేచనములు శరీరమునుండి నీటిని, లవణములను తీసివేయును. మూత్రము తగ్గి ముదురు పసుపురంగున నుండుట, నాలుక ఎండుట, కండ్లు గుంటలు పడుట దీనికి గుర్తులు. కాచి చల్లార్చిన నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి, లేత కొబ్బరినీరు మాటిమాటికి కొద్దికొద్దిగా ఈయవలెను.

విరేచనములైనపుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము శ్రేష్ఠము. పెద్ద పొట్లమును ఒక లీటరు మంచినీటిలో పూర్తిగా కలుపవలెను. చిన్న పొట్లములును అమ్ముదురు కావున దానిపై వ్రాసిన నీటి కొలతను తప్పక చూడవలెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచాతో తలగొట్టిన 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవలెను. కొలత తప్పరాదు, ఉప్పు ఎక్కువైనచో పిల్లలకు ప్రమాదము. కలిపిన నీరు 24 గంటలు దాటినపిదప పారబోయవలెను.

తేలికయు, బలకరమునగు వంటకములు

గంజి: అన్నము వార్చిన గంజి దాహము తీర్చును గాని అందు బలము స్వల్పము. రోగికి వేరుగా వండుట మేలు. 30 గ్రాముల బియ్యమును ఎనిమిది రెట్లు నీటిలో మెత్తగా ఉడికించి, వార్చక, మెదిపి ఉప్పు కలిపినచో సుమారు 105 కాలరీలు లభించును. దానిలోనే 15 గ్రాముల పెసరపప్పు చేర్చి ఉడికించి, దింపిన పిమ్మట చిన్న చెంచాడు నెయ్యి వేసినచో అదే గిన్నె సుమారు 200 కాలరీలనిచ్చును. రోగి త్రాగు పరిమాణము రవంతయే పెరిగినను బలము దాదాపు రెండింతలగును. రోగి ఆహారమును గూర్చిన రహస్యమంతయు ఇందే కలదు: గిన్నె చిన్నదిగా నుండవలెను, దానిలోని సారము పెద్దదిగా నుండవలెను.

పెసరకట్టు: పొట్టుతీసిన పెసరపప్పు సులభముగా జీర్ణమగును. నూరు గ్రాముల పప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు కలవు. బియ్యపు మాంసకృత్తులలో కొరవడినది పప్పులోను, పప్పులో కొరవడినది బియ్యములోను ఉండుటచే రెండును కలిపి వండిన పులగము మిక్కిలి గుణకరము. కొద్దిగా జీలకర్ర, మిరియాలపొడి వేసినచో నోటికి రుచి తగులును.

రాగి జావ: నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. రాగులను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నని సెగపై కొద్దిగా వేయించి, మొలకలు నలిపి చెరిగివేసి పిండి పట్టించుట మరింత మేలు. మొలకెత్తిన ధాన్యములో పిండిపదార్థమును కరిగించు శక్తి పుట్టును. కావున ఆ పిండితో కాచిన జావ గడ్డకట్టక పలుచగా నుండును. అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి ఇముడును. మింగుటకు కష్టపడు వారికిని, శిశువులకును ఇది తగినది. పాలుగాని మజ్జిగగాని కలిపి ఈయవచ్చును.

ఇడ్లీ, పెరుగన్నము: ఇడ్లీ పులిసిన పిండితో ఆవిరిపై ఉడికినది, నూనె లేనిది, మినుములుండుటచే మాంసకృత్తులును కలది. పాలు పడనివారిలో పెక్కుమందికి పెరుగు పడును. మెత్తగా మెదిపిన పెరుగన్నము చల్లగా నుండి, వాసన లేకుండుటచే డోకు గలవారికి హితముగా నుండును. జ్వరములో పెరుగు తినరాదను నియమమునకు ఆధారము లేదు.

సగ్గుబియ్యము: సేలం, తూర్పు గోదావరి ప్రాంతములలో కర్రపెండలము దుంపలనుండి తయారగు ఈ పదార్థము దాదాపు పిండి మాత్రమే. నీటితో కాచిన జావ శక్తినిచ్చును గాని కండ పెంచదు. పాలతో కాచవలెను.

గ్రుడ్డు: ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాముల శ్రేష్ఠమైన మాంసకృత్తులు కలవు. తినువారికి బాగుగా ఉడికించి, జావలోగాని మెత్తని అన్నములోగాని మెదిపి పెట్టవచ్చును. పచ్చిగ్రుడ్డు పనికిరాదు.

చారు: మిరియాల చారు నోట నీరూరించును, ముక్కు విడిపించును. కాని ఒక్క చారుతో బలము రాదు. మెత్తని అన్నము, నెయ్యి తోడుండవలెను. అరటిపండు, బొప్పాయి, బత్తాయిపండు కూడ మంచివి.

పెట్టు విధము

మూడు పూటల పెద్ద కంచమునకు బదులు రెండు గంటలకొకసారి చిన్న గిన్నెడు పెట్టవలెను. మందు వేసిన పిమ్మట జ్వరము తగ్గిన ఘడియలలో రోగికి కొంత తినబుద్ధి పుట్టును. ఆ సమయమును జారవిడువరాదు. తినుటకు ముందు ఉప్పునీటితో నోరు పుక్కిలింపజేసి, దిండ్ల ఆసరాతో కూర్చుండబెట్టవలెను. పోపుల ఘాటు రోగి గదిలోనికి రాకుండ చూడవలెను. డోకు గలవారికి వేడివేడి పదార్థములకంటె చల్లారినవి సహించును. నోరు పూసినవారికి కారము, పులుపు మాని గోరువెచ్చని జావలీయవలెను. మగతగా నున్న రోగి నోట ద్రవమును పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదమున్నది. తినిన రెండు చెంచాలనే మెచ్చుకొని, రెండు గంటల పిదప మరల అడుగుట బలవంతముకంటె ఫలప్రదము.

పిల్లల విషయము

రోగమేదైనను తల్లిపాలు మాన్పరాదు. మరింత తరచుగా ఈయవలెను. విరేచనములతో బాధపడు బిడ్డకు ఆహారము నిలిపివేయుట ఘోరమైన పొరపాటు. ఓ.ఆర్.ఎస్.తో పాటు వైద్యుని సలహాపై 14 దినములు జింకు ఈయవలెను. బిడ్డ కోలుకొనిన పిదప రెండు వారములవరకు దినమునకు ఒక పూట అదనముగా పెట్టవలెను. పోయిన బరువు తిరిగి వచ్చుట ఈ అదనపు పూటవలననే. ఏడాది నిండని శిశువునకు తేనె ఈయరాదు.

క్షయరోగమున ఆహారము

క్షయ దీర్ఘవ్యాధి. అందు ఆకలి నెలల తరబడి మందగించి దేహము శుష్కించును. జార్ఖండు రాష్ట్రమున 2019 నుండి 2022 వరకు జరిగిన పరిశోధనలో క్షయరోగుల ఇంటివారికి బియ్యము, పప్పు మొదలగునవి అదనముగా ఇచ్చి చూచిరి. అట్టి ఇండ్లలో కొత్తగా క్షయ సోకుట సుమారు 39 శాతము తగ్గినదని 2023లో ప్రకటింపబడిన ఫలితములు తెలిపినవి. మందుతోపాటు తిండియు చికిత్సయే అనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. నిక్షయ పోషణ యోజన క్రింద చికిత్సలో నున్న రోగికి 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఈయబడెను. 2024 నవంబరు నుండి అది 1,000 రూపాయలకు పెంచబడినది. ఆ సొమ్ము పప్పునకు, గ్రుడ్లకు, పాలకు, వేరుసెనగలకు వినియోగపడవలెను.

జాగ్రత్తలు

మధుమేహరోగి తినలేకపోయినపుడు మందును తనంత తానుగా మానరాదు, మార్చరాదు. వెంటనే వైద్యునకు తెలుపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు కొబ్బరినీరు, పండ్లరసములు వైద్యునడిగి తీసికొనవలెను. పచ్చకామెర్లలో ఉప్పు, నూనె పూర్తిగా మాన్పి రోగిని మరింత క్షీణింపజేయుట అనవసరము. అనేక దినములు ఏమియు తినక చిక్కిపోయిన రోగికి ఒక్కసారిగా నిండుభోజనము పెట్టుట ప్రాణాపాయము. వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచవలెను.

నీరైనను నిలువక వాంతియగుట, మూత్రము ఆగుట, మగతగాని కలవరింతగాని కలుగుట, శ్వాస వేగమగుట, విరేచనమున రక్తము పడుట, శిశువు పాలు త్రాగలేకపోవుట: ఇందులో ఏ ఒక్కటి కనిపించినను ఇంటి ఉపచారములతో కాలము గడపక ఆస్పత్రికి తీసికొనిపోవలెను. జ్వరము లేకపోయినను, కారణము తెలియక అరుచి రెండు వారములు మించినచో పరీక్ష చేయించుట అవసరము.

రోగికి వలసిన వస్తువులలో చాలమట్టుకు ప్రతి ఇంటను ఉన్నవే: పిడికెడు బియ్యము, అందులో సగము పెసరపప్పు, చెంచాడు నెయ్యి, గ్లాసెడు మజ్జిగ. వానిని మెత్తగా వండి, కొద్దికొద్దిగా, వేళ తప్పక పెట్టుటయే ఉపచారము చేయువారి విధి. మందు వ్యాధిని అణచుచుండగా ఆహారము మనిషిని నిలబెట్టును.